దర్జీ నిద్ర

"బతికున్న మనిషిని ఎవరైనా కళ్ళు మూసి గీస్తారా?" అన్నాను.

అప్పటికింకా ముఖం గీయలేదు. ముందుగదిలో కర్రల స్టాండు మీద మనిషంత ఎత్తు తెల్లటి కాన్వాసు నిలబెట్టి, బొగ్గుముక్కతో కుర్చీ చెయ్యి ఒకటీ, దానిమీద ఆనించిన మోచెయ్యి ఒకటీ గీసింది మా అమ్మాయి. ఆ మోచెయ్యి వాళ్ళ నాన్నది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా గీస్తానని చెప్పింది. ఆ మాటకే నేను అలా అన్నాను.

ఆయన కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తలేదు. "కళ్ళు మూసి గీయడంలో గొప్పేముంది? మీ అమ్మని నోరు మూసి గియ్యి చూద్దాం, మేస్త్రీ," అన్నారు.

మేస్త్రీ అంటే మా అమ్మాయే. చిన్నప్పుడు ఇంటి గోడలన్నిటికీ రంగులు పూసిందని ఆయన పెట్టిన పేరు. దానికి ముప్ఫై దాటినా ఆ పేరు దాటలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను చదివింది తక్కువ, భయపడింది ఎక్కువ. కుక్కర్ కూత కాస్త ఆలస్యమైతే పేలుతుందనుకుంటాను. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. మోగకపోతే, చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటాను. అలాంటిదాన్ని, గుండె బాగోలేని మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఆయన కళ్ళు మూసుకున్న బొమ్మ కూడా అదే ఇంట్లో పెరుగుతుంటే ఎలా ఉంటాను?

మా అమ్మాయి గీసే బొమ్మల్లో అంతకుముందు మనుషులుండేవారు కాదు. రంగులుండేవి. ఓసారి నీలం మీద నీలం వేసి, మధ్యలో సన్నగా ఒక తెల్లగీత వదిలింది. దాని పేరు ఓదార్పు అంది. నాకది గోడకి పగులులా కనిపించి, ముందు ఎవరైనా మేస్త్రీని పిలిపించండి, ఇల్లు కూలిపోతుందన్నాను. మేస్త్రీయే కదే పగలగొట్టింది అన్నారాయన. ఆ రోజు ముగ్గురం నవ్వుకున్నాం. బాధ, కోపం, నమ్మకం ఇలాంటివే అది గీసేది. కంటికి కనపడనివాటిని గీయడమేమిటని అడిగితే, కనపడేవి కనపడుతూనే ఉన్నాయి కదమ్మా అనేది.

ఆయన గుండె చూపించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడల్లా అది వరండాలో కూర్చుని, అక్కడ కాచుకునేవాళ్ళ చేతులు కాగితాల మీద గీసేది. పెద్ద డాక్టరమ్మ చూసింది. రోగుల తాలూకు మనుషులు కాసేపు మాటల్లేకుండా కూర్చోవడానికి అక్కడొక గది సిద్ధం చేస్తున్నారట. అన్ని రకాల నమ్మకాలవాళ్ళూ వస్తారు కాబట్టి ఏ దేవుడి పటమూ పెట్టరు. కానీ చూస్తే చేతులు జోడించాలనిపించే బొమ్మ ఒకటి కావాలి. వానలు పట్టేలోగా ఇవ్వగలవా అని అడిగింది. మా అమ్మాయి జీవితంలో దాని బొమ్మని కోరి అడిగినవాళ్ళు ఆవిడే మొదలు. చాన్నాళ్ళు తిండి మీద ధ్యాస లేకుండా ఆలోచించి, చివరికి వాళ్ళ నాన్న కునుకు దగ్గర ఆగింది.

ఇందులో దండం పెట్టుకోవడానికి ఏముందే అని అడిగాను.

"నిద్రపోయేవాడు ఎలా ఉంటాడో చూడమ్మా," అంది. "తలుపు తీసే ఉంటుంది. చేతిలో కత్తెర జారిపోతుంది. ఎవరో ఒకరు చూసుకుంటార్లే అని అన్నీ వదిలేస్తాడు. నాకు దేవుడికి దండం పెట్టుకోవడమంటే అదే."

"ఎవరో ఎవరే? ఆ కత్తెర తీసి పక్కన పెట్టేది నేనేగా," అన్నాను.

అది నవ్వి, మళ్ళీ బొగ్గుముక్క అందుకుంది.

మా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. వీధివైపు ఆయన మిషనూ, బట్టలు కత్తిరించే బల్లా ఉన్న ముందుగది. దాని వెనక వంటిల్లు. వంటింటికి వెనకవైపు పెద్ద కిటికీ. పొద్దు వాలుతున్నప్పుడు ఆ కిటికీలోంచి వచ్చిన వెలుగు వంటింటి గుమ్మం దాటి, సరిగ్గా ఆయన వాలుకుర్చీ మీద పడుతుంది. ఆ కాస్త సేపటి వెలుగు కోసమే మా అమ్మాయి రోజంతా కాచుకుని ఉండేది. ఆయన భోంచేసి, టేపు మెడలోనే ఉంచుకుని కుర్చీలో వాలేవారు. మొదట్లో నిద్ర పట్టేదాకా కబుర్లు చెప్పబోయేవారు. ఫలానా ఆయన పొట్ట ఎంత పెరిగిందో, పంట్లాం వదులు చేయమని ఎంత సిగ్గుపడుతూ అడిగాడో, అన్నీ ఆయనకి ఆ వేళే గుర్తొచ్చేవి. అది బ్రష్షు ఎత్తి, "మాట్లాడకు నాన్నా, దవడ కదులుతోంది," అనేది. ఆయన గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకున్నప్పటిలా పెదవులు లోపలికి మడిచి, కళ్ళు మూసుకునేవారు.

ఆ తర్వాత నా వంతు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండేదాన్ని. ముందుగదిలో చప్పుడు ఆగిపోయేసరికి నాకు చేతులాడేవి కావు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేదాన్ని. ఛాతీ కదులుతోందా లేదా? కదిలినట్టే ఉంటుంది, కదలనట్టూ ఉంటుంది. ఇంకో అడుగు వేసేదాన్ని. వేలి వెనకవైపు ఆయన ముక్కు కింద పెట్టి చూసేదాన్ని.

"అమ్మా, నీ నీడ," అనేది అది. నా నీడ పోయి ఆయన మీద పడి, దానికి కావలసిన వెలుగు చెడిపోయేది. నాకు నీడ సంగతి ఎక్కడ పట్టేది, ఊపిరి తగిలేదాకా.

కొన్నిసార్లు ఆయన కళ్ళు తెరవకుండానే, "ఉన్నాను ఇన్‌స్పెక్టరుగారూ, వెళ్ళండి," అనేవారు. కొన్నిసార్లు ఉలిక్కిపడి లేచేవారు. ఇక నిద్ర పట్టదులే అని మిషను ముందు కూర్చునేవారు. విశ్రాంతి తీసుకోమని డాక్టరు మరీమరీ చెప్పిన మనిషిని నేను వేలు పెట్టి లేపేదాన్ని, మిషను ఎక్కాక వద్దని పోట్లాడేదాన్ని. రెండూ నేనే. ఆ ఎండాకాలంలో ఆయన్ని ఒక్కపూట కడుపునిండా నిద్రపోనిచ్చానా అని ఇప్పటికీ లెక్క వేస్తుంటాను. ఎన్నిసార్లు వేసినా తేలదు.

బొమ్మ మాత్రం పెరుగుతూ వచ్చింది. దాని పనితీరు వేరు. నూనె కలిపిన రంగుని నీళ్ళంత పల్చగా చేసి ఒక పూత పూస్తుంది. అది ఆరేదాకా ముట్టుకోదు. ఆరాక దానిమీద ఇంకో పూత. పై పూతలోంచి కింది పూత కనిపిస్తూ ఉంటుంది. మొదట ఆయన ముఖం మట్టిరంగులో ఉంది, తర్వాత పసుపు, తర్వాత గులాబీ. ఎన్ని పూతలయ్యాయో తెలియదు కానీ, ఒకరోజు చూద్దును కదా, చెంప లోపల నెత్తురున్నట్టే ఉంది. కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి. నాకు ఆ కాన్వాసు ముందు నుంచి నడవడం కష్టమైపోయింది. తల తిప్పుకుని గోడవారగా వెళ్ళేదాన్ని. అలా వెళ్తుంటే ఓరోజు నా కొంగు తగిలి మోకాలి దగ్గర రంగు చెదిరింది. ప్రాణం పోయినంత పనైంది నాకు. అది తిట్టలేదు. గుడ్డకి టర్పెంటైన్ అద్ది తుడిచేసింది.

"తడిగా ఉన్నంతసేపూ పర్లేదమ్మా. ఆరిందంటే మాత్రం ఇక ఏమీ చెయ్యలేం. గీకితే కిందున్నవన్నీ ఊడొస్తాయి," అంది.

ఎండలు ముదిరాక ఆయనకి మెట్లు ఎక్కితే ఆయాసం మొదలైంది. ఇక ఆగకూడదన్నారు ఆసుపత్రిలో. గుండెకి ఆపరేషను తేదీ ఇచ్చారు. ఆయన కుట్టవలసినవన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్ళకి అందించి, మిషనుకి గుడ్డ కప్పారు. కప్పే ముందు దాని చక్రానికి నూనె వేశారు. తిరిగొచ్చేసరికి బిగుసుకుపోకుండా, అన్నారు.

ఆపరేషనుకి ముందురోజు మా అమ్మాయి పిల్లలకి బొమ్మలు నేర్పే బడికి వెళ్ళింది. నేను ముందుగదిలో కూర్చుని ఆసుపత్రికి సంచి సర్దుతున్నాను. దుప్పటి, తువ్వాలు, చెంబు. ఎదురుగా ఆ బొమ్మ. దాని పని దాదాపు అయిపోయింది. ముఖం మీద ఇంకొక్క పూత ఉందని చెప్పింది. సంచిలో ఏది పెట్టినా ఆ మూసిన కళ్ళే కనబడుతున్నాయి. మడత పెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడత పెడుతున్నాను. ఆయన చూశారు.

ఏమైందని అడిగారు. నేను చెప్పాను. ఈ బొమ్మ ముందు నుంచి మిమ్మల్ని బయటికి తీసుకెళ్ళలేను, నా వల్ల కాదు అన్నాను. పోనీ గోడవైపు తిప్పేద్దామా అన్నారు. తిప్పితే ఇంకా భయం అన్నాను. గుడ్డ కప్పుదామా అన్నారు. ఆ మాట అన్నాక ఆయనే నాలుక కరుచుకున్నారు.

 తర్వాత లేచి, కళ్ళజోడు పెట్టుకుని, మెడలోంచి టేపు తీశారు. గోడ అద్దం ముందు నిలబడి తన కంటికీ కంటికీ మధ్య కొలత తీసుకున్నారు. అదే కొలత బొమ్మ ముఖం మీద పెట్టి, బట్టల మీద గీసే సుద్దబిళ్ళతో రెండు చుక్కలు పెట్టారు. ఏం చేస్తున్నారండీ అంటున్నాను, కానీ ఆపడానికి లేవలేదు. అమ్మాయి బల్ల మీదున్న సన్న బ్రష్షు తీసుకుని, నల్లరంగులో ముంచి, చొక్కా చంకలు కత్తిరించేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటారో అంత జాగ్రత్తగా రెండు కళ్ళు దిద్దారు. నేను అప్పటికి లేచి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన మాటిమాటికీ నావైపు తిరిగి చూసి, మళ్ళీ దిద్దుతున్నారు. అందుకే ఆ కళ్ళు ఎదురుగా చూడవు. పక్కకి, గుమ్మం వైపు చూస్తాయి.

"ఇదిగో, తెరిచాను. ఇప్పుడు ఇన్‌స్పెక్షను చేసుకో," అన్నారు.

ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మనిషి దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టున్నాడు బొమ్మలో. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా. ఆ ఎండాకాలం మొత్తంలో నేను భయం లేకుండా ఉన్నది ఆ కాసేపే. ఆయన కూడా నవ్వుతూ, ఆయాసం వచ్చి, కుర్చీలో కూర్చుని బ్రష్షుని పక్కనున్న నీళ్ళగ్లాసులో పెట్టారు.

అమ్మాయి దీపాలు పెట్టే వేళకి వచ్చింది. చెప్పులు విప్పింది. బొమ్మ వంక చూసింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండు. అది నెమ్మదిగా వెళ్ళి గ్లాసులోంచి బ్రష్షు తీసింది.

"ఈ బ్రష్షు నీళ్ళలో పెట్టకూడదు నాన్నా," అంది. అంతే.

బ్రష్షుని సబ్బుతో కడిగి, వెంట్రుకలు వేళ్ళతో సరిచేసి, ఆరబెట్టింది. తర్వాత గుడ్డ తీసుకుని టర్పెంటైన్‌లో తడిపింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క తుడుపు తుడిస్తే పోయేది. ఎండాకాలమంతా పడ్డ కష్టం మళ్ళీ మూసిన కళ్ళతో దానికి దక్కేది.

నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. "రేపు ఆయన ఇల్లు కదిలేదాకా తుడవకు. నీకు దండం పెడతాను. తర్వాత నీ ఇష్టం," అన్నాను. తర్వాతకి ఆరిపోతుందని నాకు తెలుసు. అదే చెప్పింది కదా నాకు. తెలిసే పట్టుకున్నాను.

ఆయన ఏదో అనబోయారు. అది వినలేదు. గుడ్డని బల్ల మీద పడేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తడిగుడ్డకి ఎక్కడ నిప్పంటుకుంటుందో అని నేనే తీసి పెరట్లో ఆరేశాను. అంత గొడవలోనూ నా భయం నాదే.

మర్నాడు ఉదయం ఆసుపత్రిలో ఆయన్ని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఆకుపచ్చ గౌను వేశారు. ఆయన ఆ కుట్టు చూసి, ఎవడు కుట్టాడో కానీ భుజాలు రెండూ ఎడమవైపే కుట్టాడు అన్నారు. నర్సు నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. ఆయన దుప్పటి అంచు సర్దుతోంది. ముందురాత్రి నుంచీ తండ్రితో మాట్లాడలేదు.

మా ముందుగదిలో ఎవరు బట్టలు వేసుకుని చూసుకున్నా ఆయన ఒకే ప్రశ్న అడిగేవారు. చిన్నవాళ్ళనైనా పెద్దవాళ్ళనైనా అదే. ఇప్పుడు దాన్నీ అదే అడిగారు.

"ఏం మేస్త్రీ, కళ్ళు కుదిరాయా? బిగుతా, వదులా?"

అది దుప్పటి అంచు ఇంకోసారి సర్దింది.

"చెప్పదులే," అన్నారు నాతో. "బయటికొచ్చాక చెబుతుంది."

మంచం తలుపు దాటింది. ఆయన బయటికి రాలేదు. పొద్దువాలే వేళకి ఒక డాక్టరు వచ్చి, శాయశక్తులా చూశామమ్మా అని మొదలుపెట్టాడు. నా బతుకంతా రోజూ ఊహించుకున్న మాటే అది. ఊహించుకుంటే తట్టుకోవచ్చనుకునేదాన్ని. ఏమీ లేదు, ముందు నుంచీ భయపడ్డ భయమంతా వృథా. అసలుది వచ్చినప్పుడు కొత్తగానే వచ్చింది.

ఆ వారమే వానలు పట్టాయి.

ఇంట్లో ఇద్దరం మిగిలాం. అది నాతో మాట్లాడలేదని అనలేను. ఉప్పు అయిపోయింది, పాలు పొంగుతున్నాయి, గొడుగు ఎక్కడ పెట్టావు, ఇవన్నీ మాట్లాడుకున్నాం. అసలు మాట మాత్రం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. బొమ్మ గోడవైపు తిరిగి ఉంది. తిప్పింది నేను కాదు. దాని మనసులో ఏముందో నాకు తెలుసనుకున్నాను. అమ్మ ఆ పిచ్చిభయం పెట్టుకోకపోతే నాన్న బ్రష్షు పట్టేవాడు కాదు, నేను అలిగేదాన్ని కాదు, ఆయన అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని. ఇదే అయి ఉంటుంది. నేనైనా అలాగే అనుకుంటాను. నేను ఆయన్ని నిద్రపోనివ్వలేదు, అది ఆయన్ని మాట్లాడనివ్వలేదు. మా ఇద్దరి మధ్య ఆ మనిషి కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని, ఆఖరి ఎండాకాలం వెళ్ళదీశాడు.

డాక్టరమ్మ ఒకసారి ఇంటికి వచ్చింది. బొమ్మ గురించి తొందరేమీ లేదంది. గది తెరిచారట, ఆ గోడ ఖాళీగా ఉంచుతామంది, ఎప్పటికైనా సరే అంది. మా అమ్మాయి తల ఊపింది. ఆవిడ వెళ్ళాక వాలుకుర్చీ తుడిచింది. మర్నాడు బొమ్మని ఇటు తిప్పింది.

నేను ఆ వైపు చూడలేదు. వంటింట్లోనే ఉండిపోయేదాన్ని. రంగుల వాసన మళ్ళీ మొదలైంది. వాన తెరిపిచ్చి కిటికీలోంచి వెలుగొచ్చిన రోజున, "అమ్మా, వచ్చి గుమ్మంలో నిలబడు," అంది.

ఎందుకని అడగాలనిపించింది. దాని గొంతులో కోపం లేదు, వేరే ఏముందో తెలియలేదు. వెళ్ళి నిలబడ్డాను. అది నా ముఖం చూడలేదు. ఖాళీ కుర్చీని చూస్తోంది, బ్రష్షు కదుపుతోంది. ఇంకో అడుగు ముందుకి వెయ్యమంది. వేశాను. ఇంకొంచెం అంది. నా చేతులు వాటంతటవే కొంగుకి తుడుచుకున్నాయి. అలాగే ఉండు అంది. ఆ వర్షాకాలంలో ఎండ కాసిన రోజుల్లో నా పని అదే అయింది. లేపడానికి ఎవరూ లేని కుర్చీ ముందు, లేపబోతున్నట్టు నిలబడడం.

ఒకరోజు ఇద్దరు మనుషులు వచ్చి బొమ్మని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళారు. చూడమని అది అనలేదు, చూస్తానని నేను అనలేదు.

ఆ ఆసుపత్రి గడప మళ్ళీ తొక్కకూడదనుకున్నాను. వానలు తగ్గుముఖం పట్టాక, ఓ మధ్యాహ్నం అది గొడుగు తీసుకుని, "వస్తావా?" అంది. ఎక్కడికని అడగక్కర్లేదు. దారి పొడుగునా బస్సు బ్రేకులు పోతాయేమోనని చూస్తూ కూర్చున్నాను.

ఆ గది చిన్నది. బెంచీలు నాలుగువైపులా ఉన్నాయి. ఒక ముసలాయన ఎవరివో కళ్ళద్దాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఒకావిడ ఫోను చెవికి ఆనించి గుసగుసగా, "తర్వాత చేస్తాను, ఇక్కడెవరో పడుకున్నారు," అంటోంది. ఎవరు పడుకున్నారా అని చుట్టూ చూశాను. అప్పుడు తల ఎత్తాను.

మా ఆయన కుర్చీలో ఉన్నారు. మెడలో టేపు. జారిన చేతి కింద కత్తెర. కళ్ళు మూసే ఉన్నాయి.  కానీ చూపు తిప్పుకోలేదు, తిప్పుకోలేకపోయాను. చూస్తూ ఉంటే, ఆ రెప్పల కింద ఇంకేదో ఉంది. మా అమ్మాయి గీకెయ్యలేదు. ఆయన దిద్దిన కళ్ళ మీదే, మంచు పడ్డంత పల్చగా, పూత మీద పూత వేసి రెప్పలు కప్పింది. లోపల ఆ రెండు కళ్ళూ అలాగే ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ పక్కకి, గుమ్మం వైపు చూస్తున్నాయి.

బొమ్మ అంచు నుంచి ఒక నీడ వచ్చి ఆయన ఛాతీ మీద పడింది. మనిషి లేదు, నీడే ఉంది. చేతులు కొంగుకి తుడుచుకుంటున్న నీడ.

ఆయన పెదవులు చూశాను. గుండుసూదులు పట్టుకున్నట్టు లోపలికి మడిచి ఉన్నాయి. నిద్రపోయే మనిషి పెదవులు అలా ఉండవు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలుసు. నవ్వు ఆపుకుంటున్నప్పుడే ఆయన పెదవులు అలా ఉంటాయి.

"నిద్రపోవట్లేదు," అన్నాను.

అది తల ఊపింది. "చాలా రోజులు నిద్రపోయేవాడు కాదమ్మా. నీ అడుగుల చప్పుడు వినపడగానే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. నువ్వొచ్చి వేలు పెడతావని." మళ్ళీ తనే అంది, "నేనే బొమ్మ కుదరట్లేదని విసుక్కునేదాన్ని. నిద్రని గీస్తున్నాననుకున్నాను."

ఉలిక్కిపడి లేచిన రోజులూ ఉన్నాయి. అవి నావే, నా దగ్గరే ఉంటాయి. కానీ మిగతా రోజుల్లో ఆయన నాకోసం కాచుకుని ఉన్నారు. నేను అక్కడే నిలబడి, ఊపిరి తగిలిందా లేదా అని చూసుకుని, గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయాను. ఒక్కరోజైనా ఆ కుర్చీ పక్కన కూర్చున్నానా? కూర్చుంటే కళ్ళు తెరిచి ఏ పంట్లాం కబురో చెప్పేవారు కదా.

కళ్ళద్దాల ముసలాయన్ని ఎవరో పిలిచారు. ఆయన లేచి, బొమ్మ ముందు ఒక్క క్షణం ఆగి, చేతులు జోడించాడు. జోడించి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళాడు. ఫోను ఆవిడ కూడా వెళ్ళిపోయింది. గదిలో మేమిద్దరమే.

నేను అడగకూడదనుకున్న మాట అప్పుడు అడిగాను. "ఆ రోజు ఆయన నిన్నొకటి అడిగారు. నువ్వేమీ చెప్పలేదు."

అది బొమ్మ వంకే చూస్తూ కూర్చుంది. ఒళ్ళో చేతులు కదల్లేదు. బయట వరండాలో చక్రాల మంచం ఒకటి వెళ్ళిన చప్పుడు, ఎవరో పరుగెత్తిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. కిటికీలో వెలుగు గోడ మీద నుంచి కిందికి దిగింది. తప్పు అడిగానేమో, ఇక ఇది ఈ జన్మకి నాతో మాట్లాడదేమో అని నా మామూలు భయం మొదలైంది. లేద్దామా అనబోయాను. ఊపిరి పీలుస్తోందా అని కూడా ఒకసారి చూశాను.

అప్పుడు అంది, నాతో కాదు.

"కుదిరాయి నాన్నా. ఎడమది కాస్త వదులు, అంతే."